ఆరు పాయింట్ రెండు

మూడింటికి తెరిచిన ఫైలు మూడుంబావైనా సగం దాటలేదు. చదవాల్సింది నాలుగు వందల లైన్లు. అందులో సగం తొమ్మిదేళ్ళ కిందట వేదశ్రీ తన చేత్తో రాసినవే, అయినా ఊరూ పేరూ తెలియని ఎవరో రాసిన ఉత్తరం చదువుతున్నట్టు ఒక్కో లైను దగ్గరా ఆగుతోంది. మార్చి నెల గుంటూరు కదా, కిటికీలు మూసి ఏసీ వేసినా మిరప ఘాటు ఎక్కడినుంచో దూరి వచ్చి ముక్కు పట్టుకుంటుంది. మిరప యార్డుకు ఇంత దూరాన, ఈ రెండో అంతస్తు ఆఫీసులో పన్నెండు మందీ వంతులు వేసుకున్నట్టు తుమ్ముతూ ఉంటారు. తుమ్మితే కాసేపు ఆగి బయల్దేరాలన్న మాట ఈ ఊళ్ళో మిరప సీజన్లో చెల్లదు, చెల్లితే జూన్ దాకా ఎవరూ గడప దాటలేరు. నాలుగింటికి, పెట్టెలు బిగించే ప్రకాష్ వ్యాన్ తీసుకుని దర్శి వెళ్ళాలి. అక్కడి కోల్డ్ స్టోరేజీలో చలి కొలిచే తమ కంపెనీ పెట్టెల్లో కొత్త ప్రోగ్రాం ఎక్కించి, రేపు మార్టూరు వైపు రావాలి. ఆ ప్రోగ్రాంని వేదశ్రీ చదివి, సరే అని ఒక్క మీట నొక్కితే చాలు. పక్క కుర్చీలో ఆశ్రిత, తన పేపరు దిద్దుతున్న టీచరమ్మ ముందు నిలబడ్డ పిల్లలాగా, పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది. ఆ పిల్ల ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. పాత కోడంతా దులిపి, కడిగి, ఆరేసి తెచ్చింది. బాగా చేసిందని వేదశ్రీకి మొదటి పేజీలోనే తెలిసిపోయింది, బాగా చేసింది కాబట్టే చదువు ముందుకు సాగడం లేదు.

"అక్కా, ఒక డౌట్. ఇక్కడ బుడాన్ అని కామెంట్ రాసుంది. బుడాన్ అంటే ఏంటి, ఏదన్నా పాత లైబ్రరీనా? నెట్‌లో వెతికాను, ఏమీ దొరకలేదు. ఎవరూ వాడట్లేదు కదా అని తీసేశాను" అంది ఆశ్రిత.

చూస్తానుండు అని మాత్రం అనగలిగింది వేదశ్రీ. తెర మీద ఎడమపక్క పాత కోడు, కుడిపక్క కొత్త కోడు. తీసేసిన లైన్లు ఎర్రగా, చేర్చినవి పచ్చగా కనిపిస్తాయి. ఎర్రగా ఉన్న మూడు లైన్ల పైన ఆమె ఇంగ్లీషులో రాసుకున్న చిన్న ముక్క, బుడాన్ గారి కోసం, అలారం గొడవ అని. కింద ఆశ్రిత రాసిన కారణం, బుడాన్ చెక్ అనవసరం, తొలగించడమైనది. అయితే బుడాన్‌ను తీసెయ్యడం ఇది రెండోసారన్నమాట అనుకుంది వేదశ్రీ, మొదటిసారి తీసేసినప్పుడు ఈ మాత్రం కారణం కూడా ఎవరూ రాయలేదు. రాయాల్సిన మనిషి తనే. రాయలేదు. లైబ్రరీనా అట. నవ్వు రావాలి నిజానికి. నెట్‌లో వెతికితే దొరికే మనిషా, నల్లపాడు రోడ్డులో ఇనప మెట్ల కింద అరచెయ్యంత గదిలో, స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని, మే నెలలో కూడా మఫ్లరు కట్టుకుని కూర్చునే కోల్డ్ స్టోరేజీ ఆపరేటరు. బయట నలభై నాలుగు డిగ్రీల ఎండ, లోపల ఆయనకు జలుబు.

ఆ పెట్టె సంగతి ఎవరికైనా చెప్పాలంటే ఇంతే. మిరప టిక్కీలు, అంటే కాయ కుక్కిన గోతాలు, పేర్చిన చాంబర్లలో చలి ఎంత ఉందో కొలిచే తీగలు పది సెకన్లకోసారి ఒక ముక్క పంపుతాయి, చాంబరు నంబరు, కామా, డిగ్రీలు. సి భాషలో రాసిన చిన్న ప్రోగ్రాం ఆ ముక్కను చదివి, అంకెను విడదీసి, గోడ మీది పెట్టెలో ఎర్ర అక్షరాలతో చూపిస్తుంది. చదవడమే దాని పని. కానీ వచ్చే ముక్క ఎప్పుడూ సరిగా వస్తుందని ఏముంది? హమాలీలు కొక్కేలతో టిక్కీలు లాగేటప్పుడు తీగ కదిలేది, సగం ముక్కే వచ్చేది, ఒక్కోసారి ఉత్త చెత్త వచ్చేది. ఆ రోజుల్లో తను వాడిన ఫంక్షన్‌కు ఒక జబ్బు ఉంది, చెత్త ఇచ్చినా ఇది చెత్త అని చెప్పదు, సున్నా అని చేతిలో పెట్టి ఊరుకుంటుంది. సున్నా డిగ్రీలంటే గడ్డకట్టే చలి, వెంటనే అలారం. ఆశ్రిత ఆ ఫంక్షన్ తీసేసి, అంకె ఎక్కడిదాకా చదవగలిగిందో కూడా చెప్పే ఫంక్షన్ పెట్టింది. తొమ్మిదేళ్ళ కిందట తను కూడా అదే పెట్టి ఉండొచ్చు. అది అప్పుడూ ఉంది, పుస్తకంలో తరవాతి పేజీలోనే ఉంది. ఆ పేజీ తిప్పి ఉంటే ఎంత బాగుండేది. పేజీ తిప్పే ఓపిక లేని పాతికేళ్ళ వయసు, మొదటి ఉద్యోగం, పెట్టె గోడెక్కి అంకెలు వెలిగితే చాలు లోకం జయించినట్టే. చదువుకునే రోజుల్లో అమ్మ అనేది, తొందరపడి దించిన అన్నంలో పలుకు ఉంటుందే అని. తినేది మనమే అయితే పలుకైనా మింగేస్తాం, ఆ పలుకు పోయి ఇంకొకరి పంటి కింద పడింది.

బుడాన్ ఫోన్ చేసిన మధ్యాహ్నం కూడా ఇలాగే తుమ్ములే. "అమ్మా, నీ పెట్టె రోజుకు ఇరవై సార్లు అరస్తంది. అరిచినప్పుడల్లా లోపలికి పరిగెత్తి చూస్తే చలి ఎట్టున్నది అట్టనే ఉంటంది. ఇట్టాగే అరిస్తే, ఆఖరికి నిజంగా అరిచిన రోజు కూడా నేను లెగవనేమోనని భయంగా ఉందమ్మా." ఎంత మంచి మాట అది. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు నలభై పేజీలు రాసేదాన్ని ఆయన ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పాడు. తను వింది, మనసు కరిగింది, ఆ సాయంత్రానికే మూడు లైన్లు రాసేసింది. వచ్చింది సున్నా అయితే పట్టించుకోకు, పోయినసారి వచ్చిన మంచి అంకెనే మళ్ళీ చూపించు, అంతే. అలారం ఆగిపోయింది. వారం తిరక్కుండా బుడాన్ ఆఫీసుకే వచ్చి, వాళ్ళావిడ సైదాబీ నూరిన కొరివికారం బూస్టు సీసా నిండా తెచ్చి ఇచ్చాడు. మా చెవులకు విశ్రాంతి ఇచ్చావమ్మా అన్నాడు. ఆ కొరివికారం ఏడాదంతా తిన్నది, వేడన్నంలో నూనె పోసుకుని కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా తిన్నది. ఆ సీసా ఇప్పటికీ సొరుగులో ఉంది, అందులో స్క్రూలు వేసింది. ఎన్నిసార్లు కడిగినా మూత తీస్తే వెల్లుల్లి వాసన. పారెయ్యడానికి చెయ్యి రాదు, చూడ్డానికి మనసు రాదు.

ముప్పై ఒకటో లైను దగ్గర కళ్ళు ఆగాయి. ఆశ్రిత తప్పు చేసింది ఇక్కడ. మంచి పద్ధతే ఎంచుకుంది, ఎక్కడ తేడా వచ్చినా అన్ని దారులూ కిందనున్న ఒకే గుమ్మం దగ్గరికి చేరాలి, తీసుకున్న మెమరీ అక్కడ తిరిగి ఇచ్చేసి, ఏం తేడా వచ్చిందో పిలిచినవాడికి చెప్పి బయటికి పోవాలి. కానీ మొదటి దారిలో, మెమరీ ఇంకా తీసుకోకముందే గుమ్మానికి దూకింది. తీసుకోనిది తిరిగి ఇవ్వబోతే ప్రోగ్రాం కుప్పకూలుతుంది. పైన ఒక్క లైను చేర్చి ఖాళీ అని పెట్టుకుంటే సరిపోతుంది. వేదశ్రీ ఆ మాట పక్కన రాసింది, ఆశ్రిత తన తెర మీద చూసుకుని నాలుక కరుచుకుని దిద్దడం మొదలుపెట్టింది. ఎంత సులువుగా నాలుక కరుచుకుంది. తప్పు చూపిస్తే, అయ్యో అనుకుని, దిద్దుకుని, టీ తాగడానికి పోయే వయసు. తనకు మాత్రం ఎనిమిదేళ్ళుగా నాలుక లేవలేదు. తేలు కుట్టిన దొంగ అంటారే, అదే. పిలిచినవాడికి చెప్పి పోవాలి అని ఈ ఆఫీసులో చేరిన ప్రతి పిల్లకూ మొదటి వారంలో పాఠం చెప్పేది తనే మరి. బోర్డు మీద బాణం గుర్తులు వేసి చెబుతుంది. తేడా వస్తే దాచొద్దు, మింగొద్దు, నిన్ను నమ్మి పిలిచినవాడికి తెలియాలి అంటుంది. పిల్లలు నోట్సు రాసుకుంటారు.

ఎలుక. అంత పెద్ద కథకూ మూలం ఒక ఎలుక. మూడో చాంబర్లో తీగ కొరికేసింది. అదే వారం ఆ చాంబర్లో చల్లగాలి ఫ్యాను కూడా ఆగిపోయింది. నిండిన చాంబరు తలుపు ఊరికే తియ్యరు, చలి పోతుందని. పదకొండు రోజులు ఎవరూ తియ్యలేదు. పెట్టె మాత్రం ఆరు పాయింట్ రెండు అంది. తీగ తెగే ముందు వచ్చిన ఆఖరి మంచి అంకె అది, తను చెప్పినట్టే బుద్ధిగా దాన్నే పట్టుకుని కూర్చుంది. కోల్డ్ స్టోరేజీలో రెండు గంటలకోసారి రిజిస్టరులో అంకె రాయాలి. రెండో ఆపరేటరు చెల్లెలి పెళ్ళికి వెళ్తే రేయింబవళ్ళు బుడాన్ ఒక్కడే రాశాడు. ఆరు పాయింట్ రెండు. ఆరు పాయింట్ రెండు. పన్నెండో రోజు హమాలీలు తలుపు తీస్తే వెచ్చటి చెమ్మ వాసన, టిక్కీల మీద తెల్లగా బూజు. దర్శి నుంచి సరుకు కోసం వచ్చిన బుల్లయ్య అనే రైతు ఒక టిక్కీలో మోచేతిదాకా చెయ్యి పెట్టి గుప్పెడు కాయ బయటికి తీసి, రంగు పోయిన ఆ కాయను వాసన చూసి, ఏందయ్యా ఇది అని ఒక్కటే మాట అన్నాడని ప్రకాష్ వచ్చి చెప్పాడు. ఏడాది కష్టం వాసనకు తెలిసిపోతుంది.

అందరికీ చేతికి దొరికింది రిజిస్టరు. కోల్డ్ స్టోరేజీ యజమాని వీరాంజనేయులు పేజీలు తిప్పి, "ఏరా, పదకొండు రోజులు ఒకే అంకె ఎట్టా వస్తదిరా? పాయింట్ అన్నా మారదా? ఇంట్లో పడుకుని రాశావా?" అన్నాడట నలుగురిలో. ఆ మాటకు బలం లేకపోలేదు. ఈ ప్రాంతంలో చూడకుండా ఉజ్జాయింపుగా రాసేసే ఆపరేటర్లు ఉన్నారు, అందరికీ తెలుసు. కానీ అలా రాసేవాడు ఎప్పుడూ ఒకే అంకె రాయడు. ఓసారి ఆరు, ఓసారి ఆరు పాయింట్ మూడు, మధ్యలో ఒక అయిదు పాయింట్ తొమ్మిది, కాస్త అటూ ఇటూ చల్లుతాడు. దొంగ రాతకు ఆ మాత్రం తెలివి ఉంటుంది. పెట్టె ఏం చూపిస్తే అది రాసే అమాయకుడే నూట ముప్పై రెండు సార్లు ఆరు పాయింట్ రెండు అని రాస్తాడు. నిజాయితీగా రాసినందుకే దొరికిపోయాడు ఆ మనిషి. ఈ మాట తనకు అప్పుడే తెలుసు, అదే కదా బాధ. కబురు తెలిసిన పూటే ఒక పెట్టె బల్ల మీద పెట్టి తీగ పీకేసి చూసింది. గది వేడి ముప్పై ఒకటి పాయింట్ నాలుగు అని చూపిస్తున్న పెట్టె, తీగ లేకపోయినా ముప్పై ఒకటి పాయింట్ నాలుగు అనే అంది. ఏసీ పెంచింది, తగ్గించింది, గంటసేపు చూసింది. ముప్పై ఒకటి పాయింట్ నాలుగు. తీగ మళ్ళీ పెట్టెకు తగిలించింది. అప్పుడే రాధాకృష్ణమూర్తి గారు గుమ్మంలోకి వచ్చారు. కంపెనీ ఆయనదే, లెక్చరర్ ఉద్యోగం మానేసి మొదలుపెట్టిన మనిషి, గొంతు పెంచి ఎరగరు. "మన పెట్టెలో తప్పేం లేదు కదమ్మా?" అని అడిగారు. ఆ అడగడంలో లేదనే జవాబు ముందే ఉంది. లేదు సార్ అంది. రెండే మాటలు. తర్వాత చెబుదాంలే అనుకుంది. మర్నాడు ఆఫీసులో సత్యనారాయణ వ్రతం, ఆ తర్వాత ఆదివారం. సోమవారం బుడాన్ వచ్చాడు.

ఈసారి చేతిలో సీసా లేదు, తువ్వాల్లో చుట్టిన రిజిస్టరు ఉంది. బల్ల మీద విప్పి పరిచి, నిలబడే మాట్లాడాడు. "అమ్మా, నువ్వు చదువుకున్నదానివి. నేను చూసిందే రాశాను. నీ పెట్టె ఆరు పాయింట్ రెండే చూపించిందని ఒక్క మాట చెప్పమ్మా, చాలు." వేదశ్రీ ఆ పేజీలు చూసింది. అయ్యో, ఎందుకు చూసింది. తెల్లవారుజామున నాలుగు గంటల దగ్గర నీలం సిరా సగం అంకెలో అయిపోయి, మిగతా సగం ఆకుపచ్చ పెన్నుతో రాసి ఉంది. ఒకచోట తడి బొటనవేలి ముద్ర. ఇంట్లో పడుకుని రాసే మనిషి పెన్ను వెతుక్కోడు. చూసింది, అర్థమైంది, నోరు తెరిచింది, నోట్లోంచి వచ్చిన మాట ఏమిటంటే, పెట్టె దానికి వచ్చింది చూపిస్తుందండీ బుడాన్ గారూ, అని. అబద్ధమా అంటే అబద్ధమని వేలెత్తి చూపలేరు, అలాంటి మాట అది. సరేనమ్మా అన్నాడు. రిజిస్టరు మళ్ళీ తువ్వాల్లో చుట్టుకున్నాడు, ముడి రెండుసార్లు వేశాడు. మెట్లు దిగుతున్న చప్పుడు చివరి మెట్టుదాకా వింది. పరిగెత్తి పిలవాల్సింది. ఇరవై రెండు మెట్లు, ఒక్కో మెట్టూ ఒక అవకాశమే, లెక్కపెడుతూ కూర్చుంది తప్ప కుర్చీలోంచి లేవలేదు.

పోనీ ఆ లైనైనా దిద్దిందా? దిద్దితే ఎందుకు దిద్దావని అడుగుతారు. అందుకని ఎలుకలు కొరక్కుండా తీగలకు ఇనప గొట్టాలు తొడిగించింది, దానికి మెచ్చుకోళ్ళు కూడా వచ్చాయి. ఆ మూడు లైన్లు పదకొండు కోల్డ్ స్టోరేజీలకు పాకాయి. ఎండాకాలం వస్తే ఏదో యథాలాపంగా అడిగినట్టు, తీగలు ఒకసారి చూసొస్తావా ప్రకాష్ అంటుంది. ప్రకాష్‌కు ఇదొక చాదస్తం కింద లెక్క. కిందటి ఏడాది నవంబరులో వాడే చెప్పాడు, మార్టూరులో బుడాన్ కనపడ్డాడు మేడమ్, గ్రానైట్ పాలిష్ యూనిట్లో నీళ్ళు చూసుకునే పని, ఆ మోతకి చెవులు సరిగా వినపడట్లేదు, ఆ అమ్మ బాగుందా అని మిమ్మల్ని అడిగాడు అని. నంబరు కూడా ఇచ్చాడు. నాలుగు నెలలుగా ఫోన్లో ఉంది ఆ నంబరు. అలారం మోత భరించలేనన్న మనిషి రాయి కోసే మోతలోకి పోయి పడ్డాడు. బాగుందా అని అడిగాడట. తిట్టి ఉంటే ఎంత బాగుండేది.

"అక్కా, దిద్దేశాను. ఇప్పుడు చూడు" అంది ఆశ్రిత. చూసింది. పైన ఖాళీ అని పెట్టుకుంది, దారులన్నీ గుమ్మం దగ్గర కలుస్తున్నాయి, చెత్త వస్తే అంకెకు బదులు అడ్డగీతలు చూపించి, అలారం మోగించి, ఏ చాంబరు తీగో చెబుతుంది. తీగ కదిలినప్పుడల్లా మోగకుండా, వరసగా ఆరుసార్లు చెత్త వస్తేనే మోగేలా కూడా రాసింది. ఒక్క నిమిషం ఓపిక. బుడాన్ అడిగింది ఇదే. తను ఇవ్వాల్సింది ఇదే. ఆరు అనే అంకె పెట్టాలని తోచలేదు, అంతే కదా, అంత చిన్నది కదా. కళ్ళు చెమర్చాయి, మిరప ఘాటే అనుకుని ఆశ్రిత టిష్యూ పెట్టె జరిపింది. మెట్ల మీద ప్రకాష్ వ్యాన్ తాళాల చప్పుడు. "అయిందా మేడమ్? దర్శి చేరేసరికి చీకటి పడతది" అన్నాడు గుమ్మంలోంచి. నాలుగుకు అయిదు నిమిషాలు. కారణం రాసే గడిలో అనవసరం అన్న మాట కొట్టేసి వేదశ్రీ టైపు చేసింది, ఈ మూడు లైన్లు నేను రాశాను, తప్పు రాశాను, వీటివల్ల ఎనిమిదేళ్ళ కిందట ఒక చాంబరు సరుకు పాడై, చూసింది చూసినట్టు రాసిన ఆపరేటరు బుడాన్ ఉద్యోగం పోయింది, అని. ఒకసారి చదువుకుని మీట నొక్కింది. ప్రకాష్‌కు పెన్‌డ్రైవ్ ఇచ్చింది. గుండె తేలికవుతుందనుకుంది, కాలేదు. ఈ గడి చదివేది ఈ ఆఫీసులో పన్నెండు మంది. బుడాన్ చదువుతాడా? పిలిచినవాడికి కదా చెప్పాలి. పెట్టె అరుస్తోందమ్మా అని పిలిచింది ఆయన.

ఫోన్లో ఉన్న ఆ నంబరు నొక్కింది. నాలుగో రింగుకు ఎత్తాడు బుడాన్. అవతల రాయి కోస్తున్న మోత, దాని వెనక ఎక్కడో మనిషి గొంతు. నేను వేదశ్రీనండీ, గుంటూరు, పెట్టెల కంపెనీ, అంది మెల్లగా.

"ఆఁ? ఎవరూ? గట్టిగా చెప్పాలమ్మా, ఈడ మిషను మోత."

ఎన్ని నెలలుగానో పేర్చుకున్న మెత్తటి మాటలన్నీ పనికిరాకుండా పోయాయి. వేదశ్రీ లేచి నిలబడింది. "తప్పు నాది బుడాన్ గారూ."

"ఎవురిదీ?"

"నాది. తీగ తెగిపోయినా పెట్టె పాత అంకే చూపించింది. ఆ ముక్క నేనే రాశాను. ఆ రోజు మీరొచ్చినప్పుడు నాకు తెలుసు. తెలిసే చెప్పలేదు." ఆఫీసులో కీబోర్డులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆశ్రిత చేతిలో పెన్ను మూత అలాగే ఉంది. అద్దాల గదిలోంచి రాధాకృష్ణమూర్తి గారు బయటికి వచ్చి, కళ్ళజోడు తీసి నిలబడ్డారు.

అవతల మోత ఒకసారి దూరమై మళ్ళీ దగ్గరైంది, ఫోను రెండో చెవికి మార్చుకున్నట్టున్నాడు.

"అయితే ఆరు పాయింట్ రెండే ఉండింది గదమ్మా?" అన్నాడు. "నేను చూసిందే రాశా గదా?"

"మీరు చూసిందే రాశారు."

"ఉండమ్మా, ఫోను పెట్టబాక. సైదాబీ కూడా ఈడనే పనిచేస్తంది, పిలస్తా. మా ఓనరు కూడా ఉన్నాడు. ఫోను పెద్దగా పెడతా. ఆ మాట ఇంకోసారి చెప్పు." ఎవరినో కేకేశాడు, మిషను ఆపమన్నాడు. అవతల మోత సన్నగిల్లి, సన్నగిల్లి, పూర్తిగా ఆగిపోయింది. నీళ్ళు కారుతున్న చప్పుడు, ఎవరో ఆడమనిషి ఏంది అని అడగడం, అన్నీ స్పష్టంగా వినిపిస్తున్నాయి. ఇప్పుడు మెల్లగా చెప్పినా వినపడుతుంది. వేదశ్రీ మళ్ళీ మొదటినుంచి చెప్పింది, గొంతు తగ్గించలేదు.